బంతియాట చూడబోవుచు నేర్చిన భాష

"నోరు మంచిదైన ఊరు మంచిది" అని మన పెద్దలు చెప్పుదురు. స్వదేశమున ఈ మాట అందరికిని అనుభవమే. కాని మన భాష ఎరుగని దేశమునకు పోయినప్పుడు నోరెంత మంచిదైనను ప్రయోజనమేమి? అందుండి మాట వెడలినగదా మంచిచెడ్డలు తెలియుట! నేడు మన తెలుగు కుటుంబములు చాలవానిలో కొడుకో కూతురో దూరదేశమున ఉన్నారు. తల్లులు పురుళ్లకును, మనుమల పెంపకమునకును సముద్రములు దాటి పోయి వచ్చుచున్నారు. అట్లు వచ్చినవారిని "ఏమేమి చూచితిరి?" అని అడిగినచో, "ఏమి చూతుమమ్మా! వాండ్రు పనికి పోయిన తరువాత తలుపు వేసికొని కూర్చుంటిమి. వీధిలోనికి పోయిన ఎవరితో ఏమి మాటలాడుదుము?" అని పలువురు చెప్పగా వింటిని. ఇంట పదిమందికి వండి పెట్టి, బజారున బేరమాడి, బంధువుల తగవులు తీర్చిన సమర్థురాండ్రు మూడు నెలలు మూగవారివలె గడపి వచ్చుట నాకు విచారకరముగా తోచును. దానికి మందు కొంతవరకు మనచేతిలోనే కలదని నా అనుభవము. ఆ అనుభవమును సోదరీమణులకు మనవి చేయుటకే ఈ వ్యాసము.

2011వ సంవత్సరము జూను 26వ తేదీ మొదలు జూలై 17వ తేదీ వరకు జర్మనీ దేశమున స్త్రీల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినవి. 16 దేశముల జట్లు 9 పట్టణములలో 32 ఆటలు ఆడినవి. స్త్రీలకు ఇట్టి పోటీలు తొలిసారి 1991లో చైనా దేశమున జరిగినవి. జర్మనీలో జరిగినది ఆరవది. మా తమ్ముడు అప్పుడు ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఉద్యోగము చేయుచుండెను. మా అమ్మాయికి పదుమూడేండ్లు. మా వీధి చివరి మైదానమున మగపిల్లలతో సమానముగా బంతి తన్నుచుండెడిది. మా అత్తగారికి ఇది బొత్తిగా సరిపడలేదు. "ఆడపిల్ల కాలు విరుగగొట్టుకొన్నచో రేపు పెండ్లి ఎట్లగును? ఇది మగవారి ఆట" అని ఆమె దినమొకసారియైనను అనుచుండెను. మా వారు ఏమియు అనకుండిరి. పిల్ల మాత్రము రాత్రులు నాయొద్ద పండుకొని "అమ్మా, నిజముగా ఇది మగవారి ఆటయేనా?" అని అడుగుచుండెను. దానికి నోటి మాటతో చెప్పు సమాధానము చాలదని నాకు తోచినది.

ఇట్లుండగా ఆ సంవత్సరము జనవరిలో తమ్ముడు జాబు వ్రాసెను. మూడు ఆటలకు టిక్కెట్లు దొరకినవట. జూను 30న ఫ్రాంక్‌ఫర్టులో జర్మనీ, నైజీరియా జట్ల ఆట. జూలై 2న సిన్స్‌హైమ్ అను చిన్న ఊరిలో అమెరికా, కొలంబియా జట్ల ఆట. జూలై 17న ఫ్రాంక్‌ఫర్టులోనే తుది ఆట. "ఫ్రాంక్‌ఫర్టు ఆటలకు మేమును వత్తుము. కాని జూలై 2న మీ మరదలికి ఆసుపత్రిలో పని, నేను వేరొక ఊరిలో ఉందును. సిన్స్‌హైముకు నీవును పిల్లయు మీ అంతట మీరే రైలెక్కి, దారిలో రైలు మారి, పోయి రావలెను. ధైర్యమున్నచో బయలుదేరుము" అని వ్రాసెను. మా వారికి సెలవు దొరకలేదు. పెండ్లియైన నాటినుండి ఎక్కడికి పోయినను టిక్కెట్టు కొనుట, దారి అడుగుట, బండి మాటలాడుట అన్నియు మా వారే చేసిరి. ఇంగ్లీషు నాకు కొంత వచ్చును. జర్మనీ నగరములలో ఇంగ్లీషు తెలిసినవారు చాలమంది కలరు. ఐనను రైలు నిలయములందలి ప్రకటనలు, చిన్న ఊళ్లలోని పెద్దవారి మాటలు, దుకాణములమీది పలకలు జర్మను భాషలోనే ఉండును. పిల్లను వెంటబెట్టుకొని పోవుదాన నగుట చేత, చేతగాని తల్లివలె దానియెదుట దిక్కులు చూచుట నాకిష్టము లేకపోయెను. ఫిబ్రవరి మొదలు మే వరకు నాలుగు నెలల గడువు కలదు. జర్మను నేర్చుటకు నిశ్చయించుకొంటిని.

హైదరాబాదులో మా ఇంటికి దగ్గరగానే ఒక తరగతి నడచుచుండెను. ఐరోపా భాషలు నేర్చువారి శక్తిని ఆరు మెట్లుగా విభజింతురు. అందు మొదటి మెట్టు పేరు ఏ1. తన్ను తాను తెలుపుకొనుట, దారి అడుగుట, ధర అడుగుట, గడియారము చెప్పుట, ఎదుటివారు మెల్లగా మాటలాడినచో గ్రహించుట, ఇంతమాత్రము దాని పరిమితి. మా తరగతిలో ఇరువదిమందిమి. కొందరు ఆ దేశమున చదువబోవు బాలురు. మిక్కిలి శ్రద్ధగా చదువువారు మాత్రము క్రొత్తగా పెండ్లియైన అమ్మాయిలు. భర్త జర్మనీలో ఉద్యోగము చేయుచున్నచో, భార్య అచటికి కాపురమునకు పోవుటకు ఏ1 పరీక్షయందు తేరవలెనని 2007లో ఆ దేశమువారు చట్టము చేసిరి. కొన్ని తరగతులవారికి ఈ నియమమునుండి మినహాయింపు కలదు గాని, మా తరగతిలోని అమ్మాయిలకు ఆ మినహాయింపు లేదు. నా ప్రక్కన కూర్చుండు అమ్మాయి కరీంనగరు జిల్లా పల్లెనుండి వచ్చినది. పెండ్లియై ఎనిమిది నెలలైనదట. అందు భర్తతో కాపురము చేసినది ఇరువది దినములు. నాకు ఆ భాష ఒక ప్రయాణమునకు సాధనము. ఆమెకు కాపురపు గడప. నేను అలసి పుస్తకము మూసినప్పుడెల్ల ఆ అమ్మాయి పెదవులు కదలించుచు పదములు వల్లెవేయుట కనబడుచుండెను. సిగ్గుతో మరల పుస్తకము తెరచుచుంటిని.

జర్మను కఠినమైన భాషయని పలువురు భయపెట్టిరి. కాని తెలుగు ఆడువారికి అందు ఎన్ని చుట్టరికములు కనబడునో చెప్పిన ఆశ్చర్యము కలుగును. వ్రాసినట్లే చదువుట మనకు అలవాటు. జర్మనును ఇంచుమించు వ్రాసినట్లే చదువుదురు. ఇంగ్లీషు మాత్రము వచ్చినవారు పలుకుటకు తడబడు ధ్వని ఒకటి "ఇశ్" అను పదమున కలదు. ఇశ్ అనగా నేను. నాలుకను అంగిలికి చేర్చి మన తాలవ్య శకారమును సరిగా పలికినవారికి అది ఇంచుమించుగా వచ్చును. మన చిన్ననాట పంతుళ్లు శ, ష, స లకు భేదము చెప్పి చెవి మెలిపెట్టిన ఫలము నాకు అప్పుడు దక్కినది.

ఇంగ్లీషునందు చిన్నవానికిని పెద్దవానికిని ఒకటే పిలుపు. జర్మనునందు మనవలెనే రెండు కలవు. "దూ" అనగా నీవు. "జీ" అనగా మీరు. ఆ "జీ"తో వచ్చు క్రియ సయితము మన "మీరు"తో వచ్చు క్రియవలెనే బహువచనమున ఉండును. ఇంటివారిని, స్నేహితులను, పిల్లలను దూ అందురు. తెలియని పెద్దవారిని జీ అందురు. ఈ మర్యాద మనకు ఉగ్గుపాలతో వచ్చినదే గనుక దానికై నేను ప్రత్యేకముగా శ్రమింపవలసిన పని లేకపోయెను.

అంకెలలో మరియొక వింత. మనము నలువది ఎనిమిది అందుము. వారు ఎనిమిదియు నలువదియు అని తలక్రిందుగా అందురు: "ఆఖ్ట్ ఉంట్ ఫీర్‌త్సిశ్." తరగతిలోని బాలురు దీనిని చూచి నవ్విరి. నాకు మా తాతగారు చెప్పిన సంస్కృత సంఖ్యలు జ్ఞప్తికి వచ్చినవి. అష్టచత్వారింశత్ అనుటలో ముందు ఎనిమిది, పిమ్మట నలువది కాదా? ద్వి అన్నది ట్స్వై, త్రి అన్నది ద్రై, సప్త అన్నది జీబెన్, అష్ట అన్నది ఆఖ్ట్, నవ అన్నది నోయిన్, దశ అన్నది ట్సేన్. కూతురునకు టోఖ్‌టర్ అందురు. అది మన దుహితకు తోబుట్టువు. సంస్కృతమును జర్మనును ఒకే భాషా కుటుంబమునకు చెందినవని పండితులు నిర్ణయించియున్నారు. మన తెలుగు వేరు కుటుంబమునకు చెందినదైనను, సంస్కృత పదములు మన నోట నానుచుండుటచే ఆ దూరపు బంధువులను మనము ఆనవాలు పట్టగలము.

లింగముల విషయము మాత్రము ముళ్లబాట. చెంచా పుంలింగము, ఫోర్కు స్త్రీలింగము, కత్తి నపుంసకము! వంటింటి సొరుగులోనే మూడు లింగములును కాపురముండును. అంతకంటె విడ్డూరము, బాలిక అను అర్థమిచ్చు "మేట్‌శెన్" అను పదము నపుంసకలింగము. చిన్నదనము తెలుపు ప్రత్యయము చేరిన ప్రతి పదమును ఆ లింగముననే ఉండునట. మా తరగతి అమ్మాయిలు దీనికి కోపగించుకొనిరి. కాని మన భాష ఏమి చేయుచున్నది? "అతడు వచ్చినాడు" అని మగవానికి వేరుగా చెప్పి, "ఆమె వచ్చినది, ఆవు వచ్చినది" అని స్త్రీని ఆవుతో కలిపివేయుట లేదా? పరభాష నేర్చుటవలన కలుగు మొదటి లాభము స్వభాషను ఒకసారి నిదానించి చూచుటయే అని నాకు తోచినది.

ఇంత చెప్పినను నాలుగు నెలలలో భాష యావత్తు రాదు. వచ్చునని ఎవరైనను చెప్పిన నమ్మవలదు. అందుచేత పాఠములతోపాటు వేరుగా ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, ప్రయాణమున తప్పనిసరియైన అరువది వాక్యములు మాత్రము అందు తెలుగు లిపిలో వ్రాసికొంటిని. వానిని నాలుగు భాగములు చేసితిని: దారి, ఆహారము, గడియారము, ఆటస్థలము.

దారికి ముందు మాట "ఎంట్‌షుల్డిగుంగ్." మన "క్షమించండి" వంటిది. తరువాత "వో ఇస్ట్," అనగా ఎక్కడ ఉన్నది. ప్రశ్న సులభమే, కష్టమంతయు జవాబులో ఉన్నది. అడుగుట మాత్రము నేర్చి, జవాబు వినుట నేర్వనివారి పని సగము వంటవలె ఉండును. కావున లింక్స్, రెశ్ట్స్, గెరాదెఆవుస్, అనగా ఎడమ, కుడి, తిన్నగా అను జవాబులను ప్రశ్నలకంటె ఎక్కువగా చదివితిని. అన్నిటికంటె అక్కరకు వచ్చినవి రెండు వాక్యములు: "నొఖ్ ఐన్‌మాల్, బిట్టె," దయచేసి మరియొకసారి, "బిట్టె లాంగ్‌జామ్," దయచేసి మెల్లగా. ఈ రెండును చేతనున్నచో తక్కిన ఏబది ఎనిమిదియు వెంట నడచును.

ఆహారమున శాకాహారులకు "ఇశ్ ఎస్సె కైన్ ఫ్లైష్," నేను మాంసము తినను అను వాక్యము ముఖ్యము. చేపను, గ్రుడ్లను గూర్చి వేరుగా చెప్పవలెను. నీరడిగినచో అచ్చట తరచుగా బుడగల నీరు తెచ్చి ఇత్తురు. మామూలు నీటికి "ష్టిల్లెస్ వాస్సర్," అనగా నెమ్మదియైన నీరు అని అడుగవలెను.

గడియారము విషయమున మిక్కిలి మెలకువ కావలెను. "హాల్ప్ ఆఖ్ట్" అనగా మాటకు మాటగా సగము ఎనిమిది. ఎనిమిదిన్నర అనుకొన్నవారికి రైలు తప్పుట నిశ్చయము. దాని అర్థము ఏడున్నర. మనము గడచిన గంటనుండి లెక్కించుచున్నాము. వారు రాబోవు గంటకు ఎంత నడచినదో లెక్కింతురు. ఫ్రాంక్‌ఫర్టు ఆటలు రెండును రాత్రి 8 గంటల 45 నిమిషములకు. దానిని "ఫీర్టెల్ ఫోర్ నోయిన్," తొమ్మిదికి పావు తక్కువ అందురు.

ఆటస్థలపు మాటలు మా అమ్మాయికి ప్రీతి. గోలునకు "టోర్" అందురు. ఆ పదమునకే ద్వారము అనియు అర్థము. పెనాల్టీకి "ఎల్ఫ్‌మేటర్," పదునొకండు మీటర్లు, ఏలయన బంతిని అంత దూరమునుండి తన్నుదురు. ఆఫ్‌సైడునకు "ఆప్‌జైట్స్." టిక్కెట్టుమీద "బ్లాక్, రైఎ, ప్లాట్స్" అని మూడు అంకెలుండును: భాగము, వరుస, ఆసనము. పోటీ పేరు వారు ఒకటే పదముగా వ్రాయుదురు: ఫ్రావెన్‌ఫుస్‌బాల్‌వెల్ట్‌మైస్టర్‌షాఫ్ట్. మన సంస్కృత సమాసమువలె విడదీసికొనినచో స్త్రీలు, కాలిబంతి, ప్రపంచము, విజేతృత్వము అని నాలుగు ముక్కలు. పిల్ల దీనిని ఒక్క గుక్కలో పలుకుట పందెముగా పెట్టుకొన్నది. నేను పప్పు తిరగమోత వేయుచు ప్రశ్నించుట, అది ముందుగదిలో చదువుకొనుచు జవాబు చెప్పుట మాకు నిత్యకృత్యమైనది. కొన్ని దినములకు మా అత్తగారును "డాంకె, బిట్టె" అనసాగిరి.

నేను ఎందుకొరకు జర్మను నేర్చుచున్నానో తెలిసికొని మా ఉపాధ్యాయిని ఒకనాడు నల్లబల్లమీద "ఫెర్‌బోటెన్" అని వ్రాసెను. నిషిద్ధము అని అర్థము. పచ్చికమీద నడచుట ఫెర్‌బోటెన్, పొగ త్రాగుట ఫెర్‌బోటెన్ అని ఉదాహరణములు చెప్పి, తుదకు ఇట్లనెను: "మీరు చూడబోవు ఆటయు మా దేశమున ఒకప్పుడు ఫెర్‌బోటెనే." 1955లో జర్మను ఫుట్‌బాల్ సంఘమువారు స్త్రీల ఆటను తమ సభ్య సంస్థలలో నిషేధించిరి. ఆ పెనుగులాటలో స్త్రీ సౌకుమార్యము నశించుననియు, దేహమునకును మనస్సునకును హాని కలుగుననియు, చూచువారికి మర్యాదగా ఉండదనియు వారు చెప్పిన కారణములు. మైదానములు ఇయ్యరాదు, స్త్రీల జట్లు చేర్చుకొనరాదు. ఐనను ఆడువారు మానలేదు. 1956లోనే ఎస్సెన్ నగరమున హాలెండు స్త్రీలతో సంఘపు అనుమతి లేకయే పోటీ ఆడిరి. 1970 అక్టోబరులో ఆ నిషేధమును తొలగించిరి. 1982లో స్త్రీల జాతీయ జట్టు మొదటి ఆట ఆడినది. 1989లో ఆ జట్టు ఐరోపా విజేతయైనప్పుడు సంఘమువారు ఆటగత్తెలకు ఇచ్చిన బహుమానము ఏమనుకొన్నారు? కాఫీ గిన్నెల జత! తరువాత 2003లోను, 2007లోను ఆ దేశపు స్త్రీలు ప్రపంచ విజేతలైరి. ఇంగ్లండులోను 1921 మొదలు 1971 వరకు ఇట్టి నిషేధమే ఉండెడిది. ఇంటికి వచ్చి ఈ కథ చెప్పగా మా అత్తగారు చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట, "అక్కడ కూడ నావంటి అత్తలు ఉండిరన్నమాట" అని నవ్విరి.

జూను చివర ప్రయాణమైతిమి. ఫ్రాంక్‌ఫర్టు క్రీడాస్థలము ఊరివెలుపలి అడవిలో ఉన్నది. 1925లో కట్టినప్పుడు దాని పేరే అడవి క్రీడాస్థలము. జూను 30 రాత్రి అచ్చట 48 వేలమందికి పైగా కూర్చుండి స్త్రీల ఆట చూచుట మా అమ్మాయి కండ్లార చూచినది. జర్మనీ ఒక గోలుతో గెలిచెను. జనులందరును ఒక్కసారి "టోర్!" అని లేచినప్పుడు పిల్లయు వారితోకూడ ఆ భాషలోనే అరచినది. ముసలివారు, మగవారు, చంటిపిల్లల తల్లులు అందరును వచ్చియుండిరి.

జూలై 2న మే మిద్దరమే సిన్స్‌హైముకు బయలుదేరితిమి. హైడెల్‌బెర్గులో రైలు మారవలెను. మేము వేచియున్న చోట ఒక ప్రకటన వినబడినది. పొడుగైన వాక్యము. జర్మనునందు క్రియలో సగము తరచుగా వాక్యము తుదకు పోయి కూర్చుండును గనుక చివరివరకు ఓపికతో వినవలెను. క్రియను తుదనే ఉంచు తెలుగు చెవికి ఆ ఓపిక సహజము. అందు నాకు తెలిసినవి మూడే మాటలు: సిన్స్‌హైమ్, హోయిటె అనగా నేడు, గ్లైస్ ఫ్యూన్ఫ్ అనగా అయిదవ పట్టాలు. అంతే, పిల్ల చేయి పట్టుకొని మెట్లు దిగి అయిదవ పట్టాల చోటికి నడచితిమి. రైలు అచ్చటికే వచ్చినది. ఇందు గొప్పతనము ఏమియు లేదు. ఆ ఊరివారు ప్రతిదినము చేయు పనియే. కాని ఇరువదేండ్లు ఒకరి వెనుక నడచినదానికి ఆ మెట్లు ఎట్లుండెనో సోదరీమణులు ఊహించుకొనగలరు.

ఆ రైలులో ఎదుటి ఆసనమున ఒక వృద్ధురాలు కూర్చుండెను. మా అమ్మాయి మెడలోని రంగుల కండువా చూచి, మెల్లగా, నాకు తెలియునట్లు, ఏ దేశమునుండి వచ్చితిరని అడిగెను. "ఆవుస్ ఇందియెన్" అంటిని. మీ టోఖ్‌టర్ బంతి ఆడునా అని అడిగెను. "యా" అంటిని. ఆమె తన రొమ్ముమీద చేయి వేసికొని, "ఇశ్ ఆవుఖ్," నేనును అనెను. ఎప్పుడని అడిగితిని. అన్నదమ్ములతో వీధిలో ఆడెడిదాననని చెప్పి, "ఫ్యూన్ఫ్‌త్సేన్," పదునైదు అని వ్రేళ్లు చూపి, 1955 అని సంవత్సరము చెప్పెను. పిమ్మట, "దాన్ దుర్ఫ్‌టె ఇశ్ నిశ్ట్ మేర్" అని ఊరకుండెను. "తరువాత నాకు అనుమతి లేకపోయినది" అని దాని అర్థము. "దార్ఫ్ ఇశ్," నేను చేయవచ్చునా అను ప్రయోగము మా ఉపాధ్యాయిని నేర్పినదే. దాని భూతకాల రూపమును చెప్పియుండెను. ఎవరిచేతను తెలుగు చేయించుకొనకయే ఆ వాక్యము నా చెవినిబడి నేరుగా మనస్సునకు దిగినది. నేను ఓదార్పు మాటలు చెప్పగల భాష నాకు లేదు. ఆమె చేతిమీద చేయి వేసితిని. ఆమె పిల్లవంక చూచి నవ్వి, గెరాదెఆవుస్ అని కిటికీలోనుండి చూపెను. ఆ ఊరి ప్రదర్శనశాల కప్పుమీద నిలిపిన రెండు పెద్ద విమానములు కనబడుచుండెను. దానికి దగ్గరనే క్రీడాస్థలము. ఆమెయు ఆ ఆటకే వచ్చుచుండెను. డెబ్బది ఒకటవ ఏట, తనకు నిషిద్ధమైన ఆటను చూచుటకు టిక్కెట్టు కొనుకొని వచ్చుచుండెను.

ఆనాడు అమెరికా స్త్రీలు మూడు గోలులతో గెలిచిరి. జూలై 17నాటి తుది ఆటలో అమెరికాను జపాను జట్టు ఎదిర్చినది. ఆ సంవత్సరము మార్చి 11న గొప్ప భూకంపమును, సముద్రపు ఉప్పెనయు జపానును ముంచివేసినవి. ఆ దుఃఖము తీరకమునుపే వచ్చిన స్త్రీలు వారు. రెండుసార్లు వెనుకబడి రెండుసార్లును సమానము చేసిరి. రెండవ గోలు వారి నాయకురాలు హొమారె సావా 117వ నిమిషమున చేసెను. తుదకు ఎల్ఫ్‌మేటరులలో 3 – 1గా జపాను గెలిచెను. ఆ రాత్రి తిరిగి వచ్చుచు మా అమ్మాయి "ఇది మగవారి ఆటయా" అని అడుగలేదు. ఆ ప్రశ్నను మరల ఎన్నడును అడుగలేదు. అది పెద్ద ఆటగత్తె కాలేదు, చదువు ముగించి ఉద్యోగమున చేరినది. కాని కళాశాల చివరి సంవత్సరమువరకు బంతి మానలేదు. మా అత్తగారే దాని మేజోళ్లు ఉతికి ఆరవేసెడివారు.

ఇప్పుడు చేతి ఫోనులే క్షణములో భాష మార్చి చెప్పుచున్నవి గదా, ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. ఫోను మంచి సాధనమే. నేనును దానిని వాడుదును. పెద్ద కాగితము చదువుటకు, మందు పేరు తెలిసికొనుటకు దానికి మించినది లేదు. కాని వేలాది జనుల కేకలలో అది వినలేదు. ప్రకటన ముగిసిన తరువాత దానిని తీసినచో రైలు వెడలిపోవును. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి. రైలులోని ఆ వృద్ధురాలు నా ముఖమును చూచి మాటలాడినది. నడుమ ఒక పలకను పెట్టియున్నచో ఆమె ఏబదియారేండ్లు దాచుకొన్న వాక్యమును దానికి చెప్పియుండునని నేననుకొనను.

కావున పరదేశ ప్రయాణము తలపెట్టిన సోదరీమణులకు నా విన్నపము. దేశము ఏదైనను, పని పురుడైనను, పండుగయైనను, ఆటయైనను, మూడు నాలుగు నెలలు ముందుగా ఆ భాష మొదలుపెట్టుడు. దినమునకు అరగంట చాలును. కాని దినము తప్పరాదు. మొదట అంకెలు, పిమ్మట గడియారము, ఆ తరువాత దారి, ఆహారము నేర్వుడు. మీకు కావలసిన వాక్యములను మీ చేతితో మీ లిపిలో వ్రాసికొనుడు. అచ్చుపుస్తకములోని వాక్యములు అందరివి, మీరు వ్రాసికొన్నవి మీవి. ప్రశ్నతోపాటు దానికి రాదగిన జవాబులను నేర్వుడు. మెల్లగా చెప్పుడనియు, మరల చెప్పుడనియు అడుగుటకు వెనుదీయకుడు. ఇంట ఒకరినైనను తోడు చేసికొనుడు. పిల్లలు మిక్కిలి మంచి తోడు. అచ్చటికి పోయిన తరువాత మొదటి దినముననే ఒంటరిగా దుకాణమునకు పోయి ఒక రొట్టెయో, పాలసీసాయో కొని తెండు. ధర వారు చెప్పినది విని, సరిపోయిన నాణెములు లెక్కించి ఇచ్చి, వారి భాషలో కృతజ్ఞత తెలుపుడు. మరునాడు ఇంకొక వీధి ముందుకు పోగలరు.

నా ప్రక్కన కూర్చున్న ఆ కరీంనగరు అమ్మాయి ఆ సంవత్సరమే పరీక్షలో తేరి, సెప్టెంబరులో భర్తయొద్దకు పోయినది. పోవునప్పుడు తన పదముల పుస్తకమును తరువాతి తరగతిలోని మరియొక క్రొత్త పెండ్లికూతురున కిచ్చి పోయినది. అట్టి పుస్తకములు మన ఇండ్లలో చేతులు మారుచుండవలెనని నా కోరిక.